జనరల్ గారి సంతకం నుంచి "రిస్కు లేని పందెం" దాకా: అమెరికాలో జూదపు ప్రకటనల చరిత్ర

1877 తరువాత చాలా ఏళ్ళపాటు అమెరికా పత్రికల్లో ఒక లాటరీ ప్రకటన వస్తూండేది. దాని కింద ఇద్దరు పెద్దమనుషుల సంతకాలు, అచ్చం వాళ్ళ చేతిరాతలోనే, అచ్చయి ఉండేవి. ఒకరు జనరల్ బోరెగార్డ్. 1861లో ఫోర్ట్ సమ్టర్ కోట మీద ఫిరంగులు పేల్చమని ఆజ్ఞాపించి అంతర్యుద్ధానికి తెర తీసినవాడు. రెండోవారు జనరల్ జూబల్ ఎర్లీ. ఇద్దరూ ఓడిపోయిన దక్షిణాది సైన్యం వాళ్ళే అయినా, ఆ ప్రాంతపు జనానికి దేవుళ్ళతో సమానం. లాటరీ డ్రాలను తామే స్వయంగా పర్యవేక్షిస్తున్నామని, అంతా నిజాయితీగా జరుగుతున్నదని వారు ఆ ప్రకటనలో ధ్రువపరిచేవారు. ఒకరు నల్లసూటులో, మరొకరు బూడిదరంగు సూటులో వేదిక మీద కూర్చుంటే, కళ్ళకు గంతలు కట్టిన కుర్రాళ్ళు చక్రాల్లోంచి చీటీలు తీసేవారు. ఇందుకు జనరల్ గార్లకు జీతం ముట్టేది. మన సినిమా తారలు బెట్టింగు యాప్ పట్టుకుని నవ్వుతూ కనిపించడం కొత్త విద్యేమీ కాదన్నమాట!

ఆ సంస్థ పేరు లూసియానా స్టేట్ లాటరీ కంపెనీ. పేరులో "స్టేట్" ఉన్నా అది ప్రైవేటు వ్యాపారమే. దాని గురించి చెప్పేముందు ఇంకాస్త వెనక్కి వెళ్ళాలి.

అమెరికాకు లాటరీతో స్నేహం పుట్టుకనుంచీ ఉంది. 1776లో స్వాతంత్ర్యయుద్ధం ఖర్చుల కోసం కాంటినెంటల్ కాంగ్రెసే లాటరీ పెట్టింది. హార్వర్డ్ భవనాలకూ లాటరీ డబ్బు వాడారు. పన్నులు వెయ్యడానికి భయపడే ప్రభుత్వాలకు, అప్పిచ్చే బ్యాంకులు సరిగా లేని రోజుల్లో, ఇదొక సుళువైన మార్గం. టిక్కెట్లమ్మే దుకాణాలు వీధివీధినా వెలిశాయి. తరువాత సర్కసుతో ప్రపంచప్రసిద్ధుడైన పి.టి. బార్నమ్, కనెక్టికట్‌లో కుర్రవాడుగా ఉన్నప్పుడు లాటరీ టిక్కెట్లమ్మేవాడు. ప్రచారంలో ఓనమాలు ఆయన అక్కడే దిద్దుకున్నాడనుకోవచ్చు. 1834లో ఆ రాష్ట్రం లాటరీలను నిషేధించడంతో ఆ దుకాణం మూతపడింది.

వినియోగదారుల తరఫున గట్టిగా దాఖలైన మొదటి ఫిర్యాదుల్లో ఒకటి 1818లో న్యూయార్కులో వచ్చింది. రిపబ్లికన్ క్రానికల్ అనే పత్రిక సంపాదకుడు చార్లెస్ బాల్డ్విన్, ఒక లాటరీ డ్రాలో మోసం జరిగిందని, గెలిచే నంబరు కొందరికి ముందే తెలుసని రాశాడు. నిర్వాహకులు పరువునష్టం కేసు పెట్టారు. ఆ రోజుల్లో అటువంటి కేసులో పత్రికవాడు నెగ్గడం అంత తేలిక కాదు. బాల్డ్విన్ నిర్దోషిగా బయటపడ్డాడు. విచారణలో బయటికొచ్చిన సంగతులు చూసి శాసనసభ కూడా కదిలింది. 1821లో న్యూయార్కు రాజ్యాంగంలోనే కొత్త లాటరీలు కూడదని రాసుకున్నారు. పాతవి 1833 చివరికి ఆగిపోయాయి. ఒక్క సంపాదకుడి ఫిర్యాదు రాజ్యాంగం దాకా వెళ్ళడం చిన్న విషయమేమీ కాదు.

అంతర్యుద్ధం దక్షిణాది ఖజానాలను ఖాళీ చేసింది. ఆ సందులోంచే లూసియానా కంపెనీ దూరింది. 1868లో శాసనసభ దానికి 25 ఏళ్ళ గుత్తాధికారం ఇచ్చింది. ప్రతిఫలంగా కంపెనీ ఏటా 40,000 డాలర్లు న్యూ ఆర్లియన్స్ ధర్మాసుపత్రి పేర చెల్లించాలి. అంతే, వేరే పన్నులు లేవు. ఆ గుత్తాధికారం కోసం శాసనసభ్యుల జేబులు నింపారన్నది అప్పుడే అందరూ చెప్పుకున్న మాట.

ఇక్కడ గమనించవలసింది వ్యాపారం నడిచిన పద్ధతి. టిక్కెట్లు కొన్నవాళ్ళలో అత్యధికులు లూసియానా వాళ్ళు కారు. దేశమంతటా పత్రికల్లో ప్రకటన, తపాలాలో సర్క్యులరు, తపాలాలోనే డబ్బు, తిరుగు తపాలాలో టిక్కెట్టు. నూట నలభై ఏళ్ళ కిందటి ఆన్‌లైన్ వ్యాపారం ఇదే అనుకోండి. న్యూ ఆర్లియన్స్ తపాలా కార్యాలయం పనిలో పెద్ద వాటా ఈ ఒక్క కంపెనీదే. మసాచుసెట్స్‌లోనో ఒహాయోలోనో లాటరీ నేరం. కానీ అక్కడి గుమాస్తా ఇంటికి ఆ ప్రకటన రాకుండా ఆపే అధికారం ఆ రాష్ట్రానికి లేదు. ఫిర్యాదు చెయ్యాలంటే ఎవరికి చెయ్యాలి? లూసియానా పోలీసులకా? వాళ్ళ దృష్టిలో అది చట్టబద్ధమైన వ్యాపారమాయె!

అందుకే ఫిర్యాదులన్నీ తపాలా శాఖ వైపు మళ్ళాయి. అశ్లీల సాహిత్యం మీద దండయాత్ర చేసిన ఆంథొనీ కామ్‌స్టాక్ లాటరీలను కూడా తన జాబితాలో చేర్చుకున్నాడు. ఆయన పద్ధతులు నాకు బొత్తిగా నచ్చవు. అయినా ఈ విషయంలో ఆయన పట్టుదలను కాదనలేం. 1868 మొదలు కాంగ్రెసు లాటరీ సర్క్యులర్లను తపాలాలో నిషేధిస్తూ చట్టాలు చేసింది. 1878లో ఎక్స్ పార్టే జాక్సన్ కేసులో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని సమర్థించింది. అయితే అదే తీర్పులో, అంటించిన కవరును వారంటు లేకుండా విప్పే హక్కు తపాలా శాఖకు లేదని కూడా చెప్పింది. ఈ దేశంలో ఉత్తరాల గోప్యత గురించి మాట్లాడేవారు ఈనాటికీ ఉదహరించే ఈ తీర్పు ఒక లాటరీ సర్క్యులరు పుణ్యమా అని వచ్చిందని చాలామందికి తెలియదు.

కవరు విప్పకూడదు కనుక పోస్టుమాస్టరు చెయ్యగలిగిందల్లా లాటరీ కంపెనీ చిరునామాకు వచ్చే ఉత్తరాలు ఆపడం. కంపెనీ వెంటనే ప్రకటన మార్చింది: డబ్బులున్న రిజిస్టరు ఉత్తరాలు న్యూ ఆర్లియన్స్ నేషనల్ బ్యాంకుకు పంపండి అని! బ్యాంకుకొచ్చే ఉత్తరాలు ఎవరు ఆపుతారు? ఒక వెబ్‌సైటు మూస్తే మర్నాటికి ఇంకో పేరుతో తెరుచుకోవడం, ఒక ఖాతా ఆపితే ఇంకో ఖాతాలోంచి చెల్లింపులు సాగడం రోజూ చూసే మా సాఫ్ట్‌వేరు వాళ్ళకు ఈ ఎత్తు చదివితే నవ్వొస్తుంది.

చివరికి 1890లో అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ కాంగ్రెసుకు ప్రత్యేక సందేశం పంపాడు. సెప్టెంబరు 19న కొత్త చట్టం వచ్చింది. ఈసారి గురి నేరుగా ప్రకటన మీదే. లాటరీ ప్రకటన ఉన్న ఏ పత్రికా తపాలాలో వెళ్ళడానికి వీల్లేదు. ఈ దెబ్బ కంపెనీకన్నా ముందు పత్రికలకు తగిలింది. అలబామాలోని మొబైల్ పట్టణంలో పత్రిక నడిపే జాన్ రేపియర్ ఇది పత్రికాస్వేచ్ఛకు భంగమని కోర్టుకెక్కాడు. 1892లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ప్రభుత్వం తన తపాలా సంచిలో ఏది మొయ్యాలో తానే నిర్ణయించుకోవచ్చునంది.

అదే సమయంలో కంపెనీ గడువు పొడిగింపు కోసం ఏటా 40,000 కాదు, పది లక్షల డాలర్లకు పైగా ఇస్తామంది. అప్పుల్లో ఉన్న రాష్ట్రానికి అది ఎంత పెద్ద ఆశో ఊహించుకోండి. యుద్ధంలో ఒక చెయ్యి, ఒక పాదం పోగొట్టుకున్న గవర్నరు ఫ్రాన్సిస్ నికల్స్ దాన్ని వీటో చేశాడు. 1892లో ఓటర్లూ తిరస్కరించారు. కంపెనీ మూటాముల్లె సర్దుకుని హోండురాస్ వెళ్ళి అక్కణ్ణుంచి టిక్కెట్లమ్మింది. దాని వెనకాలే 1895లో రాష్ట్రాల మధ్య లాటరీ టిక్కెట్ల రవాణాను నిషేధించే చట్టం వచ్చింది. 1903లో ఛాంపియన్ వర్సెస్ ఏమ్స్ కేసులో అయిదుగురు ఒకవైపు, నలుగురు మరోవైపు ఉండగా సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. వినియోగదారుణ్ణి కాపాడడానికి వాణిజ్యాధికారాన్ని వాడుకోవచ్చునన్న ఈ తీర్పు మీదనే తరువాత ఎన్నో కేంద్ర చట్టాలు నిలబడ్డాయి.

రేడియో వచ్చాక 1934 నాటి కమ్యూనికేషన్స్ చట్టం లాటరీ ప్రకటనల ప్రసారాన్ని నిషేధించింది. బహుమతి, అదృష్టం, చెల్లించిన మూల్యం, ఈ మూడూ ఉంటేనే లాటరీ. ఇంట్లో కూర్చుని ఫోను ఎత్తితే బహుమతిచ్చే రేడియో కార్యక్రమాల్లో మూడోది లేదని 1954లో కోర్టు చెప్పింది. ఈ ముప్పై ఏళ్ళు పెద్ద విశేషాలు లేకుండా గడిచాయి.

అసలు మలుపు 1964లో వచ్చింది. అమ్మకపు పన్నూ లేని, ఆదాయపు పన్నూ లేని న్యూ హాంప్‌షైర్ బడుల ఖర్చు కోసం 3 డాలర్ల టిక్కెట్టుతో ప్రభుత్వ లాటరీ మొదలుపెట్టింది. న్యూయార్కు, న్యూజెర్సీ వెంట నడిచాయి. ఇప్పుడు చిక్కేమిటంటే, పాత కేంద్ర చట్టాలన్నీ ఇంకా అలాగే ఉన్నాయి. రాష్ట్రం తన లాటరీ గురించి తానే రేడియోలో చెప్పుకుంటే కేంద్ర నేరం! 1974లో కేంద్ర అటార్నీ జనరల్ రాష్ట్రాలను గట్టిగానే హెచ్చరించాడు. 1975 జనవరిలో కాంగ్రెసు సవరణ చేసి, రాష్ట్ర లాటరీలు తమ రాష్ట్రంలో ప్రకటించుకోవచ్చునని మినహాయింపు ఇచ్చింది.

ఆ మినహాయింపుతో ఒక విచిత్రం జరిగింది. అంతవరకు జూదపు ప్రకటన మీద ఫిర్యాదు వినవలసిన రాష్ట్రమే ఇప్పుడు ఆ ప్రకటన ఇచ్చే వ్యాపారి అయింది. పోనీ కేంద్రంలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఉంది కదా అంటే, దాని అధికారం వ్యక్తులు, భాగస్వామ్యాలు, కార్పొరేషన్ల మీద. రాష్ట్ర ప్రభుత్వాలు ఆ లెక్కలోకి రావు. ఒక తలనూనె కంపెనీ అతిశయోక్తి చెబితే నోటీసు వస్తుంది. లాటరీ చెబితే రాదు. 1980ల్లో షికాగోలో ఒక పేదవాడలో ఇల్లినాయ్ లాటరీ పెట్టిన పెద్ద బోర్డు, ఈ వీధిలోంచి సుఖాలవీధికి దారి ఇదేనన్న అర్థం వచ్చేట్టు ఉండేది. ఆ చుట్టుపక్కలవాళ్ళకు ఒళ్ళు మండింది. టిక్కెట్లు కొనొద్దంటూ ఉద్యమించారు. చట్టప్రకారం వాళ్ళకు మరో దారి లేదు మరి. 1999లో కాంగ్రెసు నియమించిన జాతీయ జూద ప్రభావ అధ్యయన సంఘం, సత్యప్రకటనల చట్టాలను రాష్ట్ర లాటరీలకూ, నేటివ్ అమెరికన్ల జూదశాలలకూ వర్తింపజెయ్యమని స్పష్టంగా సిఫారసు చేసింది. ఆ సిఫారసు ఇప్పటికీ కాగితం మీదే ఉంది.

ఇంజినీరును కనుక ఒక్క లెక్క చెప్పకుండా ఉండలేను. పవర్‌బాల్‌లో 2015 అక్టోబరు ముందు 59 తెల్లబంతుల్లో అయిదు, 35 ఎర్రబంతుల్లో ఒకటి సరిగా చెప్పాలి. జాక్‌పాట్ తగిలే అవకాశం 17 కోట్ల 52 లక్షల్లో ఒకటి. ఆ నెలలో తెల్లబంతులను 69 చేసి, ఎర్రబంతులను 26కు తగ్గించారు. అవకాశం 29 కోట్ల 22 లక్షల్లో ఒకటికి పడిపోయింది. ఎవరికీ తగలకపోతే సొమ్ము తరువాతి డ్రాకు పేరుకుంటుంది. అంకె పెరిగేకొద్దీ జనం ఎగబడతారు. మూడు నెలలు కాస్త దాటగానే, 2016 జనవరిలో, జాక్‌పాట్ 158 కోట్ల డాలర్లు దాటింది. ప్రకటనలో పెద్ద అక్షరాలతో కనబడేది ఆ అంకే. అదీ 30 వాయిదాల్లో వచ్చే మొత్తం. ఒకేసారి నగదు కావాలంటే సుమారు 98 కోట్లు, అందులోంచి పన్ను. 2022 నవంబరులో 204 కోట్లని చాటిన జాక్‌పాట్ నగదు విలువ వంద కోట్లకు కాస్త తక్కువ. ఇంత తేడా ఉన్న ధరపట్టీ పెట్టిన కార్ల డీలరును మనం ఊరికే వదులుతామా?

కోర్టులు కూడా ఈ మధ్యలో మెత్తబడ్డాయి. 1993లో ఒక తమాషా కేసు వచ్చింది. నార్త్ కరోలినా సరిహద్దులోని ఒక రేడియో స్టేషన్ శ్రోతల్లో 90 శాతానికి పైగా వర్జీనియావాళ్ళే. అయినా వర్జీనియా లాటరీ ప్రకటన వెయ్యకూడదని, ఎందుకంటే నార్త్ కరోలినాలో లాటరీ లేదని సుప్రీంకోర్టు తేల్చింది. 2006లో నార్త్ కరోలినా తానే లాటరీ పెట్టుకుంది! 1999లో మళ్ళీ న్యూ ఆర్లియన్స్ నుంచే ఒక కేసు. అక్కడి ప్రసారసంస్థలు క్యాసినో ప్రకటనల నిషేధాన్ని సవాలు చేశాయి. ఒకరికి సరే, మరొకరికి కాదు అంటూ చిల్లులు పడ్డ చట్టం వాక్‌స్వాతంత్ర్యానికి అడ్డు రాలేదని తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా కొట్టేశారు. రేపియర్ ఓడిన వందేళ్ళకు గాలి అటు తిరిగింది.

ఇక మన పిల్లలు చూస్తున్న కాలానికి వద్దాం. 2015 శరదృతువులో ఫుట్‌బాల్ చూసినవారికి ఫాంటసీ ఆటల ప్రకటనలు గుర్తుండే ఉంటాయి. టీవీ పెడితే అవే. మామూలు మనిషి ఇరవై డాలర్లు పెట్టి లక్షాధికారి అయినట్టు చూపేవారు. న్యూయార్కు అటార్నీ జనరల్ కార్యాలయం కోర్టుకు సమర్పించిన లెక్కల్లో, డ్రాఫ్ట్‌కింగ్స్ ఆటగాళ్ళలో 89 శాతం మంది 2013, 2014లలో మొత్తం మీద నష్టపోయినవాళ్ళేనని ఉంది. 2016 అక్టోబరులో డ్రాఫ్ట్‌కింగ్స్, ఫాన్‌డ్యూయెల్ చెరి 60 లక్షల డాలర్లు చెల్లించి, ప్రకటనలు మార్చుకుంటామని ఒప్పుకున్నాయి.

2018 మే 14న మర్ఫీ కేసులో సుప్రీంకోర్టు 1992 నాటి క్రీడాపందేల నిషేధ చట్టాన్ని కొట్టివేసింది. మూడు డజన్లకు పైగా రాష్ట్రాలు తలుపులు తెరిచాయి. ఎనిమిదో తరగతి చదివే మా అబ్బాయికి భిన్నాలతో కుస్తీ ఇంకా తీరలేదు గాని, "ప్లస్ 150" అంటే వందకు నూటయాభై లాభమని మాత్రం ఆట మధ్య ప్రకటనలు చూసి నేర్చుకున్నాడు. మా ఇంట్లో ఎవరూ పందెం కాయరు. శకుని మామకు పాచికలు చాలాయి, ప్రకటనల అవసరం రాలేదు. ఇప్పటివాళ్ళకు రెండూ ఉన్నాయి.

ఈ దశలో ఫిర్యాదులన్నీ రెండు మాటల చుట్టూ తిరిగాయి: "రిస్కు లేని పందెం". ఓడితే డబ్బు తిరిగిస్తామంటారు. తిరిగొచ్చేది నగదు కాదు, మళ్ళీ పందెం కాసేందుకు మాత్రమే పనికొచ్చే క్రెడిట్టు. 2023 జనవరిలో ఒహాయో క్యాసినో కంట్రోల్ కమిషన్ ఇలాంటి మాటలకూ, హెచ్చరికలు సరిగా పెట్టనందుకూ మూడు పెద్ద కంపెనీలకు ఒక్కొక్కదానికి 1,50,000 డాలర్ల జరిమానా వేసింది. 21 ఏళ్ళు నిండని సుమారు 2,500 మందికి ప్రకటనలు తపాలాలో పంపినందుకు డ్రాఫ్ట్‌కింగ్స్‌కు మరో 3,50,000. తపాలాలోనే, చూశారా! మసాచుసెట్స్ "రిస్కు లేని" అనే మాటనే నిబంధనల్లో నిషేధించింది. ఆ రాష్ట్రంలోనే 2023 డిసెంబరులో 1,000 డాలర్ల బోనసు ప్రకటన మీద వినియోగదారుల దావా పడింది. దావాలో చెప్పిన ప్రకారం పూర్తి బోనసు రావాలంటే 5,000 డాలర్లు జమచేసి, 90 రోజుల్లో 25,000 డాలర్ల పందేలు కాయాలి. ఇది ప్రకటనలో ఎక్కడుందంటే, భూతద్దం పట్టుకు వెతకాలి. 2024 సెప్టెంబరులో ఇద్దరు కాంగ్రెసు సభ్యులు, పాల్ టాంకో, రిచర్డ్ బ్లూమెంథాల్, ఆట ప్రత్యక్షప్రసారంలో ఈ ప్రకటనలు ఉండరాదంటూ బిల్లు పెట్టారు. 2025 మార్చిలో మళ్ళీ పెట్టారు.

బ్రిటన్‌లో పద్ధతి వేరు. అక్కడ అడ్వర్టయిజింగ్ స్టాండర్డ్స్ అథారిటీ అనే ఒకే కిటికీ ఉంది. 2014లో పరుగువీరుడు ఆస్కర్ పిస్టోరియస్ హత్యకేసు తీర్పు మీద పందేలు ఆహ్వానిస్తూ ప్యాడీ పవర్ ఇచ్చిన ప్రకటన మీద 5,525 ఫిర్యాదులొచ్చాయి. వెంటనే ఆపించారు. అక్కడి ఓపిక కూడా కొలత ప్రకారమే. 2010లో అదే కంపెనీ అంధ ఫుట్‌బాల్ ఆటగాళ్ళు, పిల్లి ఉన్న ప్రకటన మీద వెయ్యికి పైగా ఫిర్యాదులొచ్చినా తప్పు లేదన్నారు.

మన ఊళ్ళ సంగతి చెప్పకపోతే బాగుండదు. లాటరీ ప్రకటన అచ్చువెయ్యడం 1870లోనే భారత శిక్షాస్మృతి 294ఎ సెక్షను కింద నేరం, సర్కారు లాటరీలకు మినహాయింపు. ఇక్కడా అదే కిటుకు! 1967లో సికింద్రాబాదులోని ఒక క్లబ్బు పేకాట కేసులో సుప్రీంకోర్టు, రమ్మీ మూడుముక్కలాట వంటిది కాదని, ముఖ్యంగా నైపుణ్యం మీద ఆధారపడిందని చెప్పింది. అయిదు దశాబ్దాల తరువాత ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలు ఆ వాక్యాన్నే కవచంగా తొడుక్కుని ప్రకటనలు గుప్పించాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ జూద చట్టాలు సవరించి నిషేధించాయి. 132 సైట్లు, యాప్‌లు మూయించమని 2020 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి కేంద్రానికి రాశారు. న్యూ ఆర్లియన్స్ ఉత్తరాలను ఆపలేని మసాచుసెట్స్ పరిస్థితే అది. 2025 మార్చిలో ఒక వ్యాపారి ఫిర్యాదుతో మియాపూర్ పోలీసులు బెట్టింగు యాప్‌లకు ప్రచారం చేశారంటూ పాతికమంది తారలు, సోషల్ మీడియా ప్రముఖుల మీద కేసు నమోదు చేశారు. ఆ ఆగస్టులో పార్లమెంటు డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలనే నిషేధించే చట్టం చేసింది. ప్రకటన చేసినా రెండేళ్ళ దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. భారత క్రికెట్ జట్టు చొక్కాల మీదనుంచి ఒక ఫాంటసీ కంపెనీ పేరు ఆ వారంలోనే మాయమైంది.

ఇక్కడ ఉంటున్న మనలో ఎవరైనా ఫిర్యాదు రాయదలిస్తే, క్రీడాపందేల ప్రకటన అయితే మీ రాష్ట్ర గేమింగ్ కమిషనుకు, అటార్నీ జనరల్ వినియోగదారుల విభాగానికి రాయండి. ప్రకటన బొమ్మ, తేదీ, వచ్చిన సమయం, కింది చిన్న అక్షరాలు కనబడేట్టు దాచుకోండి. అవి మర్నాటికి మారిపోవచ్చు. ఉత్తరం పిల్లల పేర వస్తే కవరు పారెయ్యకండి. ఒహాయోలో లెక్క తేలింది తపాలాలో వెళ్ళిన ప్రకటనల మీదే. రాష్ట్ర లాటరీ మీద అయితే ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు రాసి ప్రయోజనం లేదు. మీ శాసనసభ్యుడికి రాయాలి.